ఆట ఆగాక అన్నం ఎక్కడిది?

(రహీం సాబ్ స్మృతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, మన రహీం సాబ్, పేరు మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఆయన సాధించిన విజయాలు ఇక్కడ చాలామందికి కంఠతా వచ్చు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాక ఫుట్‌బాల్ ముఖం చూడని వాళ్లకు కూడా ఆ పేరు తెలిసింది. అందుకని ఈ సాయంత్రం పతకాల గురించి తక్కువగా, అన్నం గురించి ఎక్కువగా మాట్లాడతాను. ఆటగాడు ఆడుతున్నన్నాళ్లూ ఇల్లు ఎలా గడిచింది, ఆట ఆగాక ఎలా గడిచింది? హైదరాబాద్ పాత బస్తీ ఫుట్‌బాల్ పెరగడానికైనా, తరగడానికైనా కారణం అక్కడే ఉందని నా నమ్మకం.

మన బస్తీల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది. ఫలానా ఆయన ఒకప్పుడు మంచి ఆటగాడు, ఇప్పుడు పది లారీల ఓనరు అని. ఆ మాట అనేటప్పుడు గొంతులో గర్వం ఉంటుంది, ఉండాల్సిందే. బూట్లు విప్పిన మనిషి స్టీరింగ్ పట్టి, ఒక్క బండితో మొదలుపెట్టి, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు బోర్డు కట్టుకునేదాకా వచ్చాడంటే చిన్న సంగతి కాదు. కానీ ఆ మాట వెనకే ఇంకో మాట కూడా వస్తుంది: “చూశారా, కష్టపడితే ఎవరైనా బాగుపడతారు.” నా పేచీ ఆ రెండో మాటతోనే. ఒక్కడు బాగుపడటం వేరు, ఆటగాళ్లు బాగుపడటం వేరు. రహీం సాబ్ కాలం ఈ తేడాను మనకు స్పష్టంగా చూపిస్తుంది.

రహీం సాబ్ 1909లో పుట్టారు. వృత్తి బడిపంతులు. ఉస్మానియాలో చదివి కాచిగూడ మిడిల్ స్కూల్లో, దారుల్ ఉలూమ్ హైస్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లలను ఆడించే బాధ్యత తీసుకున్నారు. 1940ల నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా, సిటీ పోలీస్ జట్టు కోచ్‌గా, ఆపైన జాతీయ జట్టు కోచ్‌గా పనిచేస్తూ 1963 జూన్ 11న క్యాన్సర్‌తో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. జకార్తా ఫైనల్ గెలిచి ఇంకా ఏడాది కూడా నిండలేదు.

ఆయన నేర్పే తీరు చూస్తే పంతులుతనం తెలుస్తుంది. డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నీలు పెట్టేవారు. బంతి వచ్చిందా, ఆపి వెంటనే తోటివాడికి అందించాలి, అంతే. ఇంకో టోర్నీలో బలమైన కాలు వాడకూడదు. కుడికాలి వాటం వాడు ఎడమకాలితోనే ఆడాలి. ఒక్కసారి కళ్ల ముందు ఊహించుకోండి. ఇరవై ఏళ్ల కుర్రాడు, కుడికాలితో కొడితే గోల్‌పోస్టు వణికించేవాడు, ఎడమకాలితో బంతిని తంతే పక్క లైను దాటిపోతోంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారు. వారం గడిచేసరికి పాస్ సూటిగా పోతోంది. సీజను ముగిసేసరికి ఎదుటి డిఫెండరుకు వీడు ఏ కాలితో కొడతాడో అంతుపట్టడం లేదు. బూట్లకే డబ్బు లేని కాలంలో, పైసా ఖర్చు లేకుండా ఆటగాడికి రెండో కాలు సంపాదించిపెట్టిన పద్ధతి ఇది.

సిటీ పోలీస్ జట్టు 1943లోనే బెంగళూరు ఆష్ గోల్డ్ కప్ ఫైనల్లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టును ఓడించింది.  రహీం సాబ్ పద్ధతిలో పెరిగి, 1950 నుంచి 1954 వరకు బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్‌ను వరసగా ఐదుసార్లు గెలిచింది. డ్యూరాండ్ కప్‌ను 1950, 1954, 1957, 1961లలో నాలుగుసార్లు తెచ్చింది. హైదరాబాద్ రాష్ట్ర జట్టు 1956-57లోనూ, 1957-58లోనూ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అజీజుద్దీన్, నూర్ మహ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మెల్‌బోర్న్ వెళ్లారు. ఆ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది.

ఇవన్నీ మీకు తెలిసినవే. ఇప్పుడు ఆ జట్టు పేరు మీద దృష్టి పెట్టండి. ఆ కప్పులు తెచ్చినది ఒక క్లబ్బు కాదు, ఒక నవాబు పోషించిన బృందమూ కాదు. పోలీసు శాఖ. అంటే ఆడినవాళ్లు ఉద్యోగస్తులు. ఒకటో తారీఖున జీతం, ఒంటి మీద యూనిఫారం, పదవీ విరమణ తర్వాత పింఛను.

దీని విలువ తెలియాలంటే ఆ సంవత్సరాలను గుర్తు చేసుకోవాలి. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యాన్ని భారత్‌లో కలిపిన పోలీసు చర్య జరిగింది. ఆ వెంటనే నిజాం సైన్యంలోని అనేక దళాలు రద్దయ్యాయి. 1949లో జాగీరుదారీ వ్యవస్థ పోయింది. దేవిడీలను, దఫ్తరాలను, సైన్యాన్ని నమ్ముకుని బతికిన పాత బస్తీ కుటుంబాలకు ఒక్కసారిగా కాళ్ల కింద నేల కదిలింది. అరబ్ సిపాయిల సంతతి ఉండే బార్కస్‌కు వెళ్లి పెద్దవాళ్లను అడగండి, ఆ రోజుల గురించి చెబుతారు. తాతలు తుపాకీ పట్టి జీతం తీసుకున్నారు. మనవలకు ఆ కొలువు లేదు. ఉన్నది జామతోటలు, ఖాళీ మైదానం, ఆ మైదానంలో ఫుట్‌బాల్. ఈనాటికీ బార్కస్‌లో ఆట బతికే ఉందంటే ఆ నేల అలాంటిది.

సరిగ్గా అలాంటి కాలంలో, 1950లో, హైదరాబాద్ పోలీసు జట్టు రోవర్స్, డ్యూరాండ్ రెండూ గెలిచింది. ఉద్యోగాలు మూతపడుతున్న ఊళ్లో ఒక తలుపు తెరుచుకునే ఉంది, దాని తాళంచెవి ఫుట్‌బాల్ చేతిలో ఉంది. తల్లి కొడుకుని “బడి ఎగ్గొట్టి ఆటకు పోతున్నావా” అని తిట్టడం మానేసి, “రేపు సెలెక్షన్ ఉంది, త్వరగా పడుకో” అనడానికి అదొక్కటే చాలు. పిల్లలు వందలుగా మైదానానికి రావాలంటే ఆట మీద ప్రేమ ఉంటే సరిపోదు. ఇంట్లోవాళ్లకు ఆట మీద నమ్మకం కుదరాలి. ఆ నమ్మకాన్ని జీతం ఇచ్చింది. వచ్చిన వందల మందిలోంచి పదకొండు మందిని రహీం సాబ్ తయారుచేశారు. గురువు ఎంత గొప్పవాడైనా, వందమంది పిల్లలు ఎదుట లేకపోతే ఆయన ఏం చేయగలరు?

బలరాం సంగతి చూడండి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద ఇంట పుట్టాడు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టే మనిషి దగ్గర ఆట బూట్లు కుట్టించుకున్నాడు. రహీం సాబ్ కంట పడ్డాక, రోజూ అంత దూరం ప్రాక్టీసుకు రాలేనని చెబితే, అద్దె సైకిలు కోసం ఆయనే డబ్బు ఇచ్చేవారు. ఒక్క సైకిలు అద్దె. దాని మీద ఒక ఒలింపియన్, ఒక ఆసియా క్రీడల బంగారు పతకధారి, ఒక అర్జున అవార్డు గ్రహీత తయారయ్యాడు. అనారోగ్యం కారణంగా ముప్పై ఏళ్లయినా నిండకుండానే ఆట మానాల్సి వచ్చింది. కానీ రైల్వే ఉద్యోగం ఉండటం వల్ల వీధిన పడలేదు. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో పోయే వరకు గౌరవంగా బతికాడు. ఆటగాణ్ని తయారు చేసినది గురువు, నిలబెట్టినది ఉద్యోగం. ఈ రెండింటిలో ఏది లేకపోయినా బలరాం లేడు.

రెండో తరం దారి మారింది. సయ్యద్ నయీముద్దీన్, మహ్మద్ హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ, సికింద్రాబాద్ నుంచి విక్టర్ అమల్‌రాజ్ కలకత్తా పెద్ద క్లబ్బులకు వెళ్లి పేరు తెచ్చుకున్నారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు నయీం కెప్టెన్. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసుకున్నప్పుడు ఒక గోల్ హబీబ్‌ది. ఉద్యోగాలు పిలిచి ఇస్తామన్నా వద్దని, ఆట ఒక్కటే నా పని అని నిలబడ్డ మనిషి హబీబ్. దేశంలో తొలి అసలైన ప్రొఫెషనల్ అని ఆయన్ను పిలిచింది అందుకే. ఆ నిష్ఠకు నేను చేతులెత్తి మొక్కుతాను. చివరి సంవత్సరాల్లో మతిమరుపు, పార్కిన్సన్స్ జబ్బులతో బాధపడి, 2023 ఆగస్టు 15న ఇదే హైదరాబాద్‌లో ఆయన వెళ్లిపోయారు. ఆటనే జీవనంగా ఎంచుకున్న వాడికి ఆట తర్వాత ఆసరా ఏమిటన్న ప్రశ్నకు ఈ దేశంలో అప్పుడు జవాబు లేదు. ఇప్పుడూ గట్టి జవాబు లేదు.

ఇక వ్యాపారం మాటకు వద్దాం. ఆటగాడు లారీ కొంటే ఏమవుతుంది? తెలియని వాళ్లు లారీ అంటే రోడ్డు మీద తిరిగే డబ్బు అనుకుంటారు. ఒక బండి ఓనరు జమాఖర్చు పుస్తకం తెరిచి చూడండి. కాటేదాన్‌లో సరుకు ఎత్తుకుని, ఆరాంఘర్ దాటి, కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు చేరే ఒక ట్రిప్పు. కిరాయి ఒక్క గీత. దాని కింద ఖర్చులు వరుసగా దిగుతాయి. డీజిలు, టోలు, డ్రైవరు బత్తా, క్లీనరు కూలి, హమాలీ, బుకింగ్ ఆఫీసు కమీషను. ట్రిప్పుతో పని లేకుండా నెలనెలా వచ్చి తీరేది ఫైనాన్సు కిస్తీ. ఏడాదికోసారి ఇన్సూరెన్సు, పన్ను, ఫిట్‌నెసు, పర్మిటు. అరుగుతున్న టైర్లు ఆరో, పదో. ఇంతా అయ్యాక మిగిలేది తిరుగు లోడు మీద ఆధారపడి ఉంటుంది. బెంగళూరులో రెండు రోజులు లోడు దొరక్క బండి నిలబడితే వచ్చిన లాభం అక్కడే ఆవిరి. ఖాళీగా తిరిగొస్తే చేతి చమురు. మన దేశంలో లారీల్లో అత్యధికం ఇలాంటి చిన్న ఓనర్లవే. ఒకటి, రెండు, ఐదు బండ్ల వాళ్లు. ఒక పెద్ద రిపేరు వస్తే, ఒక యాక్సిడెంటు జరిగితే, రెండు కిస్తీలు తప్పితే బండి ఫైనాన్సు వాళ్ల యార్డులో ఉంటుంది.

ఈ వ్యాపారంలో నెగ్గుకొచ్చిన పాత ఆటగాడికి ఆట కొన్ని గుణాలు ఇచ్చి ఉంటుంది. తెల్లవారుజామున లేవడం. ఓడిపోయిన మర్నాడు మళ్లీ బరిలోకి దిగడం. తోటివాణ్ని నమ్మడం. లారీ వ్యాపారం మొత్తం కనబడని చోట ఉన్న డ్రైవరును నమ్మడం మీద నడుస్తుంది. ఊరూరా ఆడినవాడు కాబట్టి నాలుగు నగరాల్లో ముఖపరిచయాలు. తిరుగు లోడు కావాల్సిన చోట ఆ పరిచయాలు అక్కరకొస్తాయి. ఇవన్నీ నిజమే. కానీ గుణాలతో లారీ రాదు. మొదటి బండికి మార్జిను డబ్బు కావాలి. అది పోలీసు శాఖలో జమైన ప్రావిడెంట్ ఫండో, భార్య నగలో, గల్ఫ్‌లో అన్న పంపిన సొమ్మో అయి ఉండాలి. ఏదీ లేనివాడు, అదే మైదానంలో అదే చెమటోడ్చినవాడు, డ్రైవరుగానే మిగులుతాడు. ఇద్దరిలో తేడా కష్టంలో లేదు, మొదటి పైసలో ఉంది.

ఇది మన ఒక్కరి సమస్యే అనుకోకండి. రోజర్ హంట్ పేరు వినే ఉంటారు. లివర్‌పూల్ తరఫున లీగ్ మ్యాచుల్లో అత్యధిక గోల్స్ కొట్టిన రికార్డు ఆయనది. 1966లో ఇంగ్లండ్ ప్రపంచ కప్ గెలిచినప్పుడు ఆరు మ్యాచులూ ఆడి మూడు గోల్స్ చేశాడు. అభిమానులు ఆయన్ను ‘సర్ రోజర్’ అని పిలుచుకునేవారు. ఆట మానేశాక ఆయన చేసిన పని లారీల వ్యాపారం. కుటుంబానికి సరుకు రవాణా సంస్థ ఉంది, అందులో చేరాడు. అదే ఫైనల్లో ఆడిన డిఫెండర్ రే విల్సన్ శవపేటికలు, అంత్యక్రియల ఏర్పాట్లు చూసే పని చేశాడు. 1961 దాకా ఇంగ్లండ్‌లో ఫుట్‌బాలర్ జీతానికి వారానికి 20 పౌండ్ల గరిష్ఠ పరిమితి ఉండేది. ప్రపంచ కప్ చేత్తో పట్టుకున్న వాళ్లు కూడా రెండో బతుకు వెతుక్కున్నారు. హంట్‌కు ఇంట్లో లారీలున్నాయి. లారీలు లేని ఇళ్ల ఆటగాళ్ల పేర్లు మనకు తెలియవు.

ఇంగ్లండ్ ఆ తర్వాత దారి మార్చుకుంది. ఆటలోకి డబ్బు వచ్చింది, ఆటగాళ్ల సంఘం బలపడింది. మనం కూడా దారి మార్చుకున్నాం, కానీ కిందికి. పోలీసు జట్టు వెనకబడింది. ప్రభుత్వ సంస్థల్లో క్రీడా నియామకాలు తగ్గాయి. ఆడపిల్లల సంగతి చెప్పనక్కర్లేదు, వాళ్లకు ఆ తలుపు మొదటి నుంచీ సగమే తెరిచారు. 2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు మనమంతా సంబరపడ్డాం. ఆ తర్వాత రెండేళ్లు తిరక్కముందే ఆటగాళ్లకు జీతాలు అందలేదన్న వార్తలు చదివాం. విదేశీ ఆటగాళ్లు సంచులు సర్దుకుని వెళ్లిపోయారు. కప్పు గెలిచిన క్లబ్బులో కూడా ఒకటో తారీఖు భరోసా లేకపోతే, చంచల్‌గూడ పిల్లవాడి తండ్రి ఆటను ఎలా నమ్ముతాడు?

2024లో తెలంగాణ ప్రభుత్వం బాక్సర్ నిఖత్ జరీన్‌కు, క్రికెటర్ మహ్మద్ సిరాజ్‌కు డీఎస్పీ ఉద్యోగాలు ఇచ్చింది. ఆటో నడిపిన తండ్రి కొడుకు సిరాజ్‌కు ఆ గౌరవం దక్కడం చూసి కళ్లు చెమర్చాయి. అది సరైన పని. అయితే అది శిఖరానికి చేరినవాళ్లకు ఇచ్చిన సత్కారం. హైదరాబాద్ ఫుట్‌బాల్ డీఎస్పీ పోస్టుల మీద పెరగలేదు, కానిస్టేబుల్ పోస్టుల మీద పెరిగింది. జాతీయ జట్టుకు ఎంపిక కాని వాడికి, జిల్లా స్థాయి దాటని వాడికి, మోకాలు విరిగినవాడికి కూడా అన్నం దొరికింది కాబట్టే వందల మంది ఆడారు. వందల మంది ఆడారు కాబట్టే బలరాం లాంటి వాడు దొరికాడు. పైనున్న ఒక్కడికి మేడ కట్టి, కిందున్న తొంభైతొమ్మిది మందికి గుడిసె కూడా లేకుండా చేస్తే, వచ్చే ఏడాది ఆ ఒక్కడు కూడా ఉండడు.

అందుకే ఈ సభ నుంచి కొన్ని కోరికలు. పోలీసు శాఖ పెద్దలను ఒకటి అడుగుతున్నాను. కానిస్టేబుల్ స్థాయిలో ఫుట్‌బాల్ నియామకాలు క్రమం తప్పకుండా జరపండి, జట్టును మళ్లీ నిలబెట్టండి. రోవర్స్ కప్పుల చరిత్ర మీ శాఖదే. పురపాలక అధికారులకు ఒక మాట. చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్, కులీ కుతుబ్‌షా స్టేడియం, దారుల్‌షిఫా, బార్కస్ మైదానాల్లో అంగుళం కూడా పార్కింగుకు, ఫంక్షన్లకు శాశ్వతంగా పోకుండా కాపాడండి. బడుల యాజమాన్యాలకు ఇంకో మాట. రహీం సాబ్ పంతులుగా మొదలయ్యారని మరచిపోకండి, వ్యాయామ ఉపాధ్యాయుడి ఖాళీని ఖాళీగా ఉంచకండి.

చివరి విన్నపం ఈ నగరంలో బాగుపడ్డ వ్యాపారులకు, ముఖ్యంగా ఒకప్పుడు బంతి తన్ని ఇప్పుడు లారీలు నడిపిస్తున్న అన్నలకు. ఎవరినైనా కప్పు స్పాన్సర్ చేయమంటే ఫ్లెక్సీ మీద ఫొటో వేయించుకుంటారు, ఒక్క ఆదివారంతో అయిపోతుంది. దానికి బదులు మీ ఆఫీసులో, గోడౌన్లో, గ్యారేజీలో ఒక ఉద్యోగం ఒక ఆటగాడికి ఇవ్వండి. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం అయిదు తర్వాత ప్రాక్టీసుకు వదలండి, జీతం కోయకండి. లెక్కలు నేర్పండి, లైసెన్సు ఇప్పించండి, అతని ఆట ఆగాక మొదటి బండికి మార్జిను డబ్బు మీరు పూచీ పడండి. మీకు ఆ మొదటి పైస ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసు. అది లేక ఆగిపోయినవాళ్లూ మీకు తెలుసు.

ఈ ఊరు ఆటగాడికి అన్నం పెట్టిన రోజుల్లో ఆసియా ఖండాన్ని గెలిచింది. పెట్టడం మానేశాక మనకు మిగిలినది వర్ధంతులు. వచ్చే జూన్ 11లోగా పాత బస్తీలో కనీసం పది మంది కుర్రాళ్లకు, అమ్మాయిలకు అలాంటి పని ఇప్పించండి. రహీం సాబ్‌కు మనం చేయగల స్మారకం అంతకు మించి ఇంకొకటి లేదు.